పాత డిస్కులోని అమానతు



మన ఇండ్ల అటకల మీద, మస్జిదు గదుల మూలలలో, మద్రసా కొట్లలో ఇప్పుడు ఒక వస్తువు తరచుగా కనిపిస్తున్నది. అది పని చేయని పాత కంప్యూటరు. కొత్తది కొన్ననాడు దానిపై గుడ్డ కప్పి పక్కన పెడతాము. ఏడాది గడచిన తరువాత పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వస్తే తూకానికి వేస్తాము. ఆ పెట్టెలో ఇతరుల హక్కు ఉండవచ్చునన్న ఆలోచన మనకు రాదు. మాకూ రాలేదు. గత రంజాను తరువాత ఒక వృద్ధురాలు మా గడప ఎక్కేంతవరకు రాలేదు.

ఆమె మా వేమూరు చుట్టుపక్కల పల్లెలో ఉండే వితంతువు. పసుపు కళ్ళాలలో కూలి చేసి బ్రతికిన మనిషి. "మౌల్వీ సాబ్, నా మనవరాలి నికాహ్ కోసమని పెద్ద హజ్రత్ దగ్గర 20,000 రూపాయలు దాచుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ఎవరిని అడగాలో తెలియక మీ దగ్గరికి వచ్చాను" అన్నది.

"కూర్చో ఖాలా, చూద్దాము" అన్నాము. కాని ఏమి చూడాలో మాకు తెలియదు.

ఆమె పెద్ద హజ్రత్ అన్నది చాలా ఏండ్లు మా మద్రసా లెక్కలు వ్రాసిన పెద్దలను గురించి. వారు అల్లాహ్ సన్నిధికి చేరుకొని మూడేండ్లయినది. బ్యాంకుకు వెళ్ళడం అలవాటు లేని పేదలు కొందరు తమ సొమ్మును వారి వద్ద దాచుకొనేవారు. 2006 నుంచి ఆ పద్దులన్నీ వారు కంప్యూటరులోనే వ్రాశారు. ఆ కంప్యూటరు ఎప్పుడో చెడిపోయి కొట్టులో చేరింది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

కమిటీలో ఒకరు "ఆధారం లేనిదే సమాజం సొమ్ము ఎలా ఇస్తాము?" అన్నారు. మరొకరు "ఆమె అబద్ధమాడే మనిషి కాదు" అన్నారు. ఇద్దరి మాటా న్యాయమే. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, సూరా అల్-బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను వ్రాసి పెట్టుకోవడం గురించీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయడం గురించీ, సాక్షుల గురించీ ఆదేశిస్తున్నది. ఇక్కడ వ్రాత ఉన్నది, వ్రాసినవారు న్యాయవంతులే. అయితే ఆ వ్రాత తెరుచుకోని పెట్టెలో ఉన్నది.

మీట నొక్కితే ఆ పెట్టెలో దీపమైనా వెలగలేదు. అప్పుడు మాకు మొదటి పాఠం తెలిసింది. కంప్యూటరు చనిపోవడం వేరు, అందులోని హార్డ్ డిస్క్ చనిపోవడం వేరు. కరెంటు సరఫరా చేసే భాగమో, మదర్‌బోర్డో కాలిపోయినా వ్రాతలు దాచుకున్న డిస్కు చెక్కుచెదరకుండా ఉండవచ్చును. ఇల్లు కూలినా ఇనప్పెట్టె మిగిలినట్లు. ఆ ఇనప్పెట్టెను తీసి కొత్త ఇంటిలో పెట్టడమే మనం చేయవలసిన పని.

తొందరపాటు తెచ్చిన ప్రమాదం

మేము ఆ డిస్కును ఊడదీయించి ఒక దుకాణానికి తీసుకుపోయాము. అక్కడి యువకుడు దానిని మరొక కంప్యూటరులో బిగించి, దానితోనే ఆ కంప్యూటరును నడిపించబోయాడు. తెర నీలంగా మారి ఇంగ్లీషులో ఏదో వ్రాత వచ్చి ఆగిపోయింది. "విండోస్ పాడయింది హజ్రత్, ఫార్మాట్ చేసి కొత్తది వేయాలి" అన్నాడు. మేము దాదాపుగా సరేనన్నాము. ఫార్మాట్ అనగా ఉన్న వ్రాతను తుడిచి పలకను ఖాళీ చేయడమని మాకు అప్పటికి తెలియదు. మా వద్ద చదువుకొని, ఇప్పుడు తెనాలిలో కంప్యూటర్లు బాగుచేస్తున్న పూర్వ విద్యార్థి ఫోనులో ఆ మాట విని, "ఉస్తాద్, వద్దు! వెంటనే తీసి ఇంటికి తెచ్చుకోండి, నేను వస్తున్నాను" అన్నాడు. అల్లాహ్ ఆ బిడ్డకు మేలు చేయుగాక. ఒక్క మాట ఆలస్యమయి ఉంటే ఆ పేదల పద్దులు పోయి ఉండేవి.

అతడు వచ్చి చెప్పిన సంగతులను మీ కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాము.

పాత డిస్కులోని విండోస్ ఎక్స్‌పీ ఆ పాత మదర్‌బోర్డు తీరు తెలిసినది. డిస్కుతో మాట్లాడేందుకు అవసరమైన డ్రైవర్లు ఆ బోర్డుకు తగినవే అందులో ఉంటాయి. వేరే బోర్డు మీద పెడితే అది పాత ఇంటి తాళంచెవుల గుత్తితో కొత్త ఇంటి తలుపు ముందు నిలిచిన కాపలాదారు వంటిది. ఏ చెవీ పట్టదు. నీలి తెర అర్థం అదే. వ్రాతలు పోయినట్లు కాదు. పైగా కంప్యూటరుతో కలిపి అమ్మిన విండోస్ అనుమతి సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. కనుక పాత డిస్కుతో కొత్త కంప్యూటరును నడిపించే ప్రయత్నమే అనవసరం. కొత్త కంప్యూటరు తన సొంత డిస్కుతోనే నడవాలి. పాతది దాని పక్కన రెండవ డిస్కుగా, అతిథిగా కూర్చోవాలి.

పాత డిస్కులు రెండు రకాలు. 40 సూదులున్న వెడల్పాటి చదును తీగ పట్టేది ఐడీఈ. 2003 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చిన సన్నని తీగది సాటా. సాటా డిస్కయితే నేటి చాలా డెస్క్‌టాప్ కంప్యూటర్ల లోపలే నేరుగా బిగించవచ్చును. ముందుగా ప్లగ్గు ఊడదీయాలి. డిస్కును తాకే ముందు పెట్టె ఇనుప భాగాన్ని చేతితో తాకాలి. మన ఒంటిలోని స్థిర విద్యుత్తు ఆ సున్నితమైన పలకలకు హాని చేయవచ్చును. బిగించిన తరువాత బయాస్ అనే ప్రారంభ అమరికలో కొత్త డిస్కే మొదట ఉండేలా చూడాలి.

మాది ఐడీఈ డిస్కు. నేటి బోర్డులకు ఆ తీగ పెట్టే చోటే లేదు. దాని కోసం యూఎస్‌బీకి తగిలించే అడాప్టరు దొరుకుతుంది. డెస్క్‌టాప్ డిస్కుకు యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలదు కనుక విడిగా కరెంటు తీగ ఉన్న అడాప్టరునే తీసుకోవాలి.

తగిలించగానే విండోస్ కొన్నిసార్లు "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. అక్కడ "కాదు" అన్నదే సమాధానం. డిస్కులోని తప్పులను సరిచేస్తానన్నా వద్దనాలి. నకలు తీసుకొనేంతవరకు దాని మీద మన చేతితో ఏమీ వ్రాయరాదు. ఏదీ తుడవరాదు.

లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే కరెంటు తీసివేయాలి. ఆ పెట్టెలోని పళ్ళెం నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు దానిని తాకకుండా, వెంట్రుక మందంకన్నా ఎంతో తక్కువ ఎడంతో తేలుతుంది. అది తాకడం మొదలయితే ప్రతి నిమిషమూ నష్టమే. మూత తెరిచి చూడబోవడం అంతకన్నా నష్టం. ఒక్క ధూళి కణం చాలు. అట్టి డిస్కును ధూళి లేని గదిలో పనిచేసే నిపుణులకే అప్పగించాలి.

అల్హందులిల్లాహ్, మా డిస్కు చప్పుడు చేయలేదు. జుహర్ నమాజు తరువాత నకలు తీయడం మొదలుపెడితే అస్ర్ అజాన్ వేళకు ముగిసింది. మధ్యలో ఒకచోట "మీకు అనుమతి లేదు" అన్న సందేశం వచ్చింది. పాత కంప్యూటరులో పెద్ద హజ్రత్ పేరిట ఉన్న అరను కొత్త కంప్యూటరు తెరవనన్నది. కొత్త కంప్యూటరు యజమాని తన అధికారంతో ఆ హక్కు తీసుకోవచ్చునట. అతడు అలాగే తెరిచాడు.

వ్రాత ఉన్నది, చదువు రాలేదు

అమానతుల పద్దు దొరికింది. ఎక్సెల్‌లో వరుసగా తేదీలు, అంకెలు ఉన్నాయి. పేర్లు ఉండవలసిన చోట మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయి. మా గుండె జారింది.

కారణం చిన్నదే. ఆ రోజులలో మన పత్రికల వారూ, డీటీపీ కేంద్రాల వారూ తెలుగును అను వంటి ఫాంట్లలో టైపు చేసేవారు. వాటిలో కంప్యూటరుకు తెలిసినది ఇంగ్లీషు గుర్తుల వరుస మాత్రమే. దానికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తొడుగు ఊడిపోయి లోపలి గుర్తులు బయటపడతాయి. నేడు ఫోనులో మనం వ్రాసే యూనికోడ్ తెలుగు అలా కాదు. దానిలో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉన్నది, కనుక ఎక్కడ తెరిచినా తెలుగే. ఉర్దూ ప్రశ్నపత్రాలది మరొక చిక్కు. అవి ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఉంటేనే అవి తెరుచుకుంటాయి. ట్యాలీలో లెక్కలు వ్రాసే వ్యాపారులకూ ఇదే మాట. డేటా అరను నకలు తీయడంతో పాటు దానిని తెరిచే ట్యాలీ కూడా ఉండాలి.

మా వేమూరు నుంచి రేపల్లె పోయే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉన్నది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారి త్రవ్వకాలు జరిపినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు బయటపడ్డాయి. రెండు వేల ఏండ్లకు పైబడిన వ్రాత అది. రాయి చెదరలేదు, అక్షరమూ చెరగలేదు. అయితే అది తెలిసిన బ్రాహ్మీ లిపికి దగ్గరదే అయినా కొన్ని అక్షరాల రూపమూ, అచ్చులను గుర్తించే తీరూ వేరు. బ్యూలర్ అనే పండితుడు ఆ తేడాలను పట్టుకున్న తరువాతనే ఆ వ్రాత అర్థమయినది. వ్రాతను దాచడం సగం పని. దానిని చదివే విధానాన్ని కూడా దాచడం మిగిలిన సగం. రాతికి వర్తించిన మాట మా డిస్కుకూ వర్తించింది.

మేము కొన్న ఫాంటు సీడీ, దాని రసీదు బీరువాలో దొరికాయి. దొరకకపోతే మళ్ళీ కొనేవారమే. ఎవరి వద్దనో ఊరికే ఎక్కించుకొనేవారము కాము. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమయిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ రచన, ఆవిష్కరణ వంటి హక్కులు షరీఅత్ దృష్టిలో గౌరవింపదగినవనీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. ఒకరి అమానతును తెరవడానికి మరొకరి హక్కును కాజేయడం తగదు.

అడిగినవారు, అడగనివారు

ఫాంటు ఎక్కించగానే పేర్లు తెలుగులోకి వచ్చాయి. ఆ వృద్ధురాలి పేరు ఉన్నది. దాచినది 20,000 రూపాయలు. దాని కిందనే రెండు విడతలుగా 4,000 తిరిగి తీసుకున్నట్లు తేదీలతో ఉన్నది. మిగిలినది 16,000.

ఆమెను పిలిపించి పద్దు చదివి వినిపించాము. కొంతసేపు మౌనంగా ఉన్నది. "అవును హజ్రత్! కంటి ఆపరేషన్‌కు తీసుకున్నాను. మరిచిపోయాను. నా నోట తప్పు మాట రాకుండా ఆ పెద్దాయన చనిపోయి కూడా కాపాడాడు" అని కన్నీరు పెట్టుకున్నది. పద్దు లేకపోతే ఒక కమిటీ సభ్యుడి మాట ప్రకారం ఆమెకు ఏమీ దక్కేది కాదు. మరొకరి మాట ప్రకారం ఆమె ఎరుగక 4,000 ఎక్కువ తీసుకొనేది. రెండూ అన్యాయమే.

మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ తరువాతి సంగతి. ఆ పద్దులో ఇంకా ఏడుగురి పేర్లు ఉన్నాయి. వారెవరూ మా వద్దకు రాలేదు. ఒకరు మరచిపోయారు. ఒకరు అడిగితే మర్యాద కాదనుకున్నారు. ఇద్దరు మరణించారు, వారి బిడ్డలకు ఈ సంగతే తెలియదు. అడిగిన ఒకరి కోసం తెరిచిన డిస్కులో అడగనివారు ఏడుగురు కనిపించారు! మూడేండ్లుగా వారి హక్కు మా కొట్టులో దుమ్ము పట్టి ఉన్నది. ఆ పాత పెట్టెను మేము తూకానికి వేసి ఉంటే, ప్రళయ దినాన ఆ ఏడుగురికి ఏమి సమాధానం చెప్పేవారము?

సూరా అన్-నిసా 58వ ఆయత్‌లో అమానతులను వాటి హక్కుదారులకు చేర్చవలసినదిగా అల్లాహ్ ఆదేశించాడు. వారు వచ్చి అడిగితేనే ఇవ్వమని అందులో షరతు లేదు. చేర్చడం మన బాధ్యత. దైవప్రవక్త (స) మక్కాను విడిచి మదీనాకు హిజ్రత్ చేసిన వేళను తలచుకోండి. ప్రాణాలు తీయ జూసిన నగరం అది. అయినా అక్కడి ప్రజలు తమ వద్ద దాచుకున్న వస్తువులను తిరిగి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (ర)ను వెనుక ఉంచి వెళ్ళారు. శత్రువుల సొమ్ము విషయంలోనే అంతటి శ్రద్ధ ఉంటే మన పేద సోదరుల సొమ్ము విషయంలో ఎంత ఉండాలి!

ఏడుగురిలో ఆరుగురికి, లేక వారి వారసులకు, వారి సొమ్ము చేరింది. ఒకరి కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. ఆ సొమ్మును వేరుగా ఉంచి ఇంకా వెతుకుతున్నాము.

తెరవకూడని అర

ఆ డిస్కులోనే పెద్ద హజ్రత్ కుటుంబ ఫోటోలు, ఉత్తరాలు ఉన్న మరొక అర కనిపించింది. దానిని తెరిచే అధికారం కంప్యూటరు మాకు ఇచ్చింది. కాని షరీఅత్ ఇవ్వలేదు. ఇతరుల రహస్యాలను కూపీ లాగడాన్ని సూరా అల్-హుజురాత్ 12వ ఆయత్ నిషేధించింది. ఆ అరను అలాగే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వారి కుమారునికి అందజేశాము. బంధువు డిస్కును, పొరుగింటివారి ఫోనును బాగుచేసే యువకులారా! మీ చేతిలో ఉన్నది యంత్రం కాదు, ఒక ఇంటి పరువు. అడిగిన పని మేరకే చూడండి.

పాత డిస్కును పారవేసేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. డిలీట్ చేస్తే వ్రాత పోదు. హాజరుపట్టీలో పేరు కొట్టివేసినా విద్యార్థి తరగతిలోనే కూర్చున్నట్లు, వ్రాత డిస్కు మీదనే ఉంటుంది, పట్టికలో పేరు మాత్రమే పోతుంది. తెలిసినవాడు దానిని తిరిగి చదవగలడు. కనుక అమ్మే ముందు డిస్కు మొత్తం మీద మళ్ళీ వ్రాసి తుడిచే పద్ధతిలో శుభ్రం చేయించాలి, లేదా డిస్కును తీసి మన వద్దనే ఉంచుకోవాలి. ఈ తుడిచే పని నకలు తీసి, అది తెరుచుకుంటున్నదని సరిచూసిన తరువాతనే చేయాలి.

ముందు తరం చూపిన దారి

ఒక వ్రాతను పాత చోటు నుంచి కొత్త చోటుకు మార్చడంలో మనకు ఆదర్శం లేకపోలేదు. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు అనేకులు అమరులయినప్పుడు హజ్రత్ ఉమర్ (ర) సలహాపై హజ్రత్ అబూబక్ర్ (ర) ఆ పనిని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (ర)కు అప్పగించారు. ఆయన ఖర్జూరపు మట్టల మీద, రాతి పలకల మీద, తోలు మీద ఉన్న వ్రాతలను, హృదయాలలో ఉన్నదానితో సరిచూసి ఒకచోట చేర్చారు. ఆ ప్రతి చివరకు హజ్రత్ హఫ్సా (ర) వద్ద భద్రంగా ఉన్నది. హజ్రత్ ఉస్మాన్ (ర) తిరిగి ఇస్తానన్న మాటపై దానిని తెప్పించుకొని, ప్రతులు వ్రాయించి, అసలు ప్రతిని ఆమెకే తిరిగి పంపారు. ప్రతులను వివిధ ప్రాంతాలకు పంపారు. మన లెక్కల పుస్తకం ఆ పవిత్ర గ్రంథంతో పోల్చదగినది కాదు. కాని క్రమం అదే: సరిచూడడం, నకలు తీయడం, అసలును హక్కుదారుకు చేర్చడం, ప్రతులను వేర్వేరు చోట్ల ఉంచడం.

వేర్వేరు చోట్ల అన్న మాట ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఎలా ఊడ్చివేసిందో మా తరం వారు పెద్దల నోట విని పెరిగారు. ఒకే బీరువాలో రెండు నకళ్ళు ఉంటే వరదకు రెండూ ఒక్కటే. ఇప్పుడు మా పద్దు ఒక ప్రతి మద్రసాలో, ఒకటి తెనాలిలో ఉన్నాయి. మూడవది కాగితం మీద ఉన్నది. ఏటా షాబాన్ నెలలో అమానతుల పట్టికను ముద్రించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో భద్రపరుస్తున్నాము. కాగితానికి ఫాంటు అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు.

ప్రియమైన పాఠకులారా! ఈ జుమా నమాజు తరువాత మీ అటక మీది పాత పెట్టెను ఒకసారి దించండి. అందులో నాన్నగారి అప్పు పద్దు ఉండవచ్చును. మస్జిదు చందాల లెక్క ఉండవచ్చును. ఎవరిదో తిరిగి ఇవ్వవలసిన సొమ్ము ఉండవచ్చును. తెలిసినవారి చేత దానిని కొత్త కంప్యూటరు పక్కన కూర్చోబెట్టించండి. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకోకండి. అడగనివారి హక్కు అల్లాహ్ వద్ద వ్రాయబడి ఉన్నది. ఆ వ్రాతకు నకలు అవసరం లేదు.

ప్రతి అమానతునూ దాని హక్కుదారుకు చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మా పెద్ద హజ్రత్‌ను మన్నించి, వారి న్యాయమైన వ్రాతకు ప్రతిఫలం ఇచ్చుగాక. ఆమీన్.